ఫీలర్ గేజ్ క్యామ్ ముక్కును చూడదు: పాత అంబాసిడర్ టకటకకు జవాబు

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. తాతగారు వాడిన 1986 నాటి అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజన్. ఏడాదిగా ఐడ్లింగ్‌లో టకటకమని చప్పుడు వస్తోంది. టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గరి గ్యాప్ సరిచేయడం, మూడుసార్లు చేయించారు. చేయించినప్పుడల్లా వారం పది రోజులు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మొదలు. కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కార్బ్యురేటర్ తుమ్ముతోంది. కార్బ్యురేటర్ కిట్టు, పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు అన్నీ మార్చారు. కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) చూస్తే నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉన్నాయి. పొగ లేదు, ఆయిల్ తినడం లేదు. ఒక మెకానిక్ సిలిండర్లకు బోరు కొట్టించి ఇంజన్ మొత్తం చేయాలన్నారు. ఇంకొకరు పాత బండి అంతే, చప్పుడుతోనే నడుపుకోండి అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని ప్రశ్న.

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ఇంజన్ల కిందే బతికిన వాడిగా చెబుతున్నాను. మీరు రాసిన లక్షణాల్లో మూడు ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి: సెట్టింగ్ నిలవకపోవడం, కార్బ్యురేటర్ తుమ్మడం, కంప్రెషన్ బాగుండి కూడా బండి లాగకపోవడం. వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్ట్ మీద పొడుచుకొచ్చిన ముక్కుల్లో ఒకటో రెండో అరిగి ఉండాలి, వాటి మీద ఆని తిరిగే టాపెట్ల (ముక్కు కదలికను వాల్వ్ వైపు అందించే చిన్న దిమ్మెల) అడుగులూ పోయి ఉండాలి. ఇది నా అనుమానమే, తీర్పు కాదు. తీర్పు చెప్పడానికి ఒక పూట పని, ఒక డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) చాలు. ఇంజన్ దించనక్కరలేదు.

ముందు ఒక విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. టాపెట్ సెట్టింగ్ అన్నప్పుడు మనం ఫీలర్ గేజ్ అనే సన్నని రేకు పెట్టి చూసే గ్యాప్ ఎప్పుడు చూస్తాం? వాల్వ్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు. అప్పుడు టాపెట్ కింద ఉండేది క్యామ్ గుండ్రటి వీపు, ముక్కు కాదు. వాల్వును తెరిచే పనంతా ముక్కుది. అంటే ముక్కు సగానికి సగం అరిగిపోయినా, వీపు బాగుంటే గ్యాప్ చక్కగా 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. మెకానిక్ సెట్టింగ్ సరిగ్గానే ఉందంటాడు, అతను అబద్ధం చెప్పడం లేదు. గేజ్ చూడాల్సిన చోటు అది కాదు, అంతే. ఆటోనగర్‌లో అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇక్కడే పొరబడటం చూశాను. నేనూ తొలి రోజుల్లో పొరబడ్డాను.

మరి గ్యాప్ మళ్ళీ మళ్ళీ ఎందుకు పెరుగుతోంది? టాపెట్ అడుగు అరుగుతోంది కాబట్టి. ముక్కు అరిగితే వాల్వ్ తక్కువ తెరుచుకుంటుంది, అడుగు అరిగితే గ్యాప్ పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి తింటాయి కాబట్టి సాధారణంగా జంటగానే కనిపిస్తాయి. అందుకే మూడుసార్లు సెట్టింగ్ చేసినా నిలవలేదన్న మీ మాట నాకు చప్పుడు కన్నా పెద్ద ఆధారం. మూడుసార్లూ ఏ వాల్వుకు స్క్రూ ఎంత తిప్పారో రాసి పెట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఎవరూ రాయరు. ఇకనైనా ఒక చిన్న నోటుపుస్తకం బండిలో పడేయండి.

ఈ ఇంజన్ గురించి ఒక మాట. బ్రిటన్‌లో 1950లలో పుట్టిన బీ-సిరీస్ ఇంజన్ ఇది. మన దగ్గర అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచింది. బండి తయారీయే 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. క్యామ్ బ్లాకు లోపల ఉంటుంది, దాని మీద టాపెట్లు, వాటి మీద పుష్ రాడ్లు, హెడ్ మీద వాల్వులను నొక్కే రాకర్లు. టాపెట్ కింద రోలర్ లేదు, హైడ్రాలిక్ కాదు. ఇనుము మీద ఇనుము జారడమే. మధ్యలో ఉన్నది సన్నని ఆయిల్ పొర ఒక్కటే. ఆ జారుడును తట్టుకోవడానికి రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి, క్యామ్ ముక్కు మీద గట్టిపరిచిన పై పొర. రెండు, టాపెట్ తన చుట్టూ తాను తిరగడం. టాపెట్ నడిమధ్యకు కాకుండా కొంచెం పక్కకు ముక్కు తగిలేలా పెడతారు, అందువల్ల ముక్కు తగిలినప్పుడల్లా టాపెట్ కొద్దిగా తిరుగుతుంది. అలా తిరిగినంత కాలం అరుగుదల అడుగంతా పరుచుకుంటుంది. ఏ కారణం చేతనైనా తిరగడం ఆగిపోతే, ఒకే గీత మీద రాపిడి పడుతుంది. గట్టి పొర తెగాక లోపలి మెత్తని ఇనుము ఎంతో కాలం ఆగదు. ఏళ్ళ తరబడి ఏమీ కాని బండి రెండు మూడు నెలల్లో చతికిలపడటానికి కారణం ఇదే.

చప్పుడు సంగతి ముందు తేల్చండి, ఎందుకంటే టకటక అన్నదల్లా టాపెట్ కాదు. క్యామ్ వేగం క్రాంకులో (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టులో) సగం. ఐడ్లింగ్ నిమిషానికి 800 చుట్లనుకుంటే క్యామ్ 400 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క వాల్వ్ చప్పుడు సెకనుకు ఆరేడు సార్లు. చేతి గడియారం టిక్కుమన్నట్టు తేలికగా, పైనుంచి వస్తుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగు చప్పుడు కింది నుంచి, బరువుగా, లోడు పడ్డప్పుడు ఎక్కువగా ఉంటుంది. ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఒక్కొక్క ప్లగ్గు వైరు తీసి చూడండి. ఏదో ఒక ప్లగ్గు తీసినప్పుడు చప్పుడు తగ్గితే కింది భాగాలను అనుమానించాలి. ఏది తీసినా మారకపోతే వాల్వుల వైపే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ ఊదుతున్నా అచ్చం టాపెట్‌లాగే వినిపిస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో అది బాగా వినిపించి, ఇనుము వేడెక్కి వ్యాకోచించాక తగ్గుతుంది. మానిఫోల్డ్ అంచు దగ్గర నల్లటి మసి మరక కనిపిస్తే అదేనని అర్థం. ముందు వైపు నుంచి గలగలమంటే టైమింగ్ చెయిన్ చూడాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన రాకర్ కవర్ మీద ఒక్కో వాల్వ్ దగ్గర ఆనించి, పిడిని చెవి ఎముకకు ఆనించి వినండి. ఫ్యాన్ బెల్టు దగ్గర లుంగీ, తువ్వాలు, మెడ గొలుసు లేకుండా చూసుకోండి. ఇది సరదాకి చెప్పడం లేదు.

కార్బ్యురేటర్ తుమ్ము గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ డబ్బు ఎక్కువగా పోయింది ఇక్కడే. ఎగ్జాస్ట్ వాల్వును తెరిచే ముక్కు అరిగిందనుకోండి. కాలిన వాయువు పూర్తిగా బయటికి పోదు. సిలిండర్‌లో ఒత్తిడి మిగిలి ఉండగానే ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుంటుంది. లోపలి వేడి వాయువు దారి దొరికిన వైపు, అంటే ఇన్‌లెట్ గుండా వెనక్కి, కార్బ్యురేటర్ వైపు తన్నుతుంది. అదే తుమ్ము. లోడు ఎక్కువైనప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు, సిలిండర్ నిండుగా కాలుతుంది కాబట్టి తన్నుడూ ఎక్కువ. ఐడ్లింగ్‌లో పెద్దగా తెలియదు. పైగా ఈ హెడ్‌లో 1, 2 సిలిండర్లకు ఒకే ఇన్‌లెట్ దారి, 3, 4 సిలిండర్లకు ఇంకొకటి. ఒకదాని ఎగ్జాస్ట్ సరిగా తెరవకపోతే పక్కదానికీ మురికి గాలి అందుతుంది. మెకానిక్ రెండు సిలిండర్లు బలహీనంగా ఉన్నాయనుకుని హెడ్ ప్యాకింగ్ మార్చిన సందర్భాలూ చూశాను. పుండొక చోట, మందొక చోట. పెట్రోలు తక్కువైన మిశ్రమం, తప్పుడు ఇగ్నిషన్ టైమింగ్, ఇన్‌లెట్ వాల్వ్ సరిగా కూర్చోకపోవడం కూడా తుమ్ము తెప్పిస్తాయి. మీరు మొదటి రెండూ సరిచేయించారు. కంప్రెషన్ సమానంగా ఉంది కాబట్టి మూడోదీ దాదాపు పోయినట్టే.

కంప్రెషన్ బాగుంటే క్యామ్ బాగున్నట్టు కాదా అని మీరు అడగవచ్చు. కాదు. ఆ పరీక్షలో ఇంజన్ స్టార్టర్ మీద నెమ్మదిగా తిరుగుతుంది. ఇన్‌లెట్ వాల్వ్ సగమే తెరుచుకున్నా గాలి నిండటానికి బోలెడంత వ్యవధి దొరుకుతుంది. ఎగ్జాస్ట్ ముక్కు అరిగినా ఆ సమయంలో కాలే వాయువే లేదు కదా. అందుకని కంప్రెషన్ గేజ్ రింగుల గురించి, వాల్వ్ సీట్ల గురించి నిజం చెబుతుంది, క్యామ్ గురించి ఏమీ చెప్పదు. మీకు బోరు కొట్టించమన్న మెకానిక్ ఈ కంప్రెషన్ అంకెలు చూశాక కూడా ఆ మాట అన్నారంటే, ఎందుకన్నారో ఆయననే అడగాలి. పొగ లేదు, ఆయిల్ తినడం లేదు, నాలుగూ సమానం. ఆ ఇంజన్‌కు ఇప్పుడు బోరు పని దండగ.

ఇక అసలు పరీక్ష. ఉదయాన్నే చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టండి. రాకర్ కవర్ తీయండి. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి పుష్ రాడ్ల పై చివరలను చూడాలి. స్టార్ట్ చేసే ముందు ఆ చివరల ఆయిల్ తుడిచి, స్కూలు పిల్లలు వాడే వైట్‌నర్‌తో ఎనిమిదింటికీ ఒక్కో తెల్ల చుక్క పెట్టండి. ఐడ్లింగ్‌లో ఆ చుక్కలు నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ కనిపించాలి. ఒకటి చురుగ్గా, ఒకటి బద్ధకంగా తిరగడంలో తప్పు లేదు. ఒక్క అంగుళమైనా కదలకుండా పైకీ కిందికీ మాత్రమే ఊగే చుక్క మీ దొంగ. రాడ్ కింది కప్పు అరిగి ఉంటే టాపెట్ తిరుగుతున్నా రాడ్ తిరగకపోవచ్చు కాబట్టి ఇదొక్కటే చూసి శిక్ష వేయకండి. కానీ దాని నంబరు రాసుకోండి. ఆయిల్ కాస్త చిమ్ముతుంది, పాత బనియన్ వేసుకోండి.

తర్వాత ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, నాలుగు ప్లగ్గులూ తీసేయండి. అప్పుడు ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. మీ బండికి స్టార్టింగ్ హ్యాండిల్ ఉంటే ఇంతకన్నా హాయి లేదు. లేకపోతే గేరులో పెట్టి బండిని ముందుకు నెడుతూ తిప్పవచ్చు, ఒక మనిషి సాయం కావాలి.

ముందుగా గ్యాప్‌లు చూసి రాసుకోండి, సరిచేయకండి. ఏ వాల్వ్ ఎప్పుడు చూడాలన్నదానికి ఈ ఇంజన్‌కు తొమ్మిది లెక్క ఉంది. ముందు నుంచి వెనక్కి వాల్వులకు 1 నుంచి 8 వరకు నంబర్లు. 8వది పూర్తిగా తెరిచినప్పుడు 1వది చూడాలి, 6వది తెరిస్తే 3వది, 4వది తెరిస్తే 5వది, ఇలా రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. వీటిలో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్, 2, 3, 6, 7 ఇన్‌లెట్. క్రితంసారి సెట్టింగ్ చేయించిన తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగారో పక్కన రాయండి. 15 థౌ పెట్టినది వెయ్యి కిలోమీటర్లలో 22కో 25కో పోయిందంటే అది మామూలు అరుగుదల కాదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. రాకర్ చివర వాల్వ్ కాడను కొట్టే చోట ఏళ్ళ తరబడి గుంట పడుతుంది. ఫీలర్ గేజ్ రేకు ఆ గుంట మీద వంతెనలా పరుచుకుంటుంది, గుంటలోకి దిగదు. గేజ్ 15 అంటుంది, అసలు గ్యాప్ 20 దాటి ఉంటుంది. చప్పుడు మాత్రం పోదు. వేలి గోరుతో రాకర్ కొనను తడిమి చూడండి, గోరు పట్టుకుంటే గుంట ఉన్నట్టే. అలాగే రాకర్‌ను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. పక్కకు జరగడంలో తప్పులేదు కానీ షాఫ్ట్ మీద పైకీ కిందికీ లొడలొడలాడితే బుష్షూ షాఫ్టూ అరిగాయి. ఈ ఇంజన్లలో రాకర్ షాఫ్ట్ కింది వైపు అరగడం చాలా మామూలు. మీ సమస్య అంతటితో ఆగిపోయే అవకాశమూ ఉంది, అదే అయితే పండగ చేసుకోండి. కానీ రాకర్ల అరుగుదలతో చప్పుడు వస్తుంది, బండి ఇంతగా నీరసించదు.

ఇప్పుడు డయల్ గేజ్. అయస్కాంతం స్టాండ్ ఉన్నది తీసుకోండి. ఈ ఇంజన్ హెడ్ పోత ఇనుముదే కాబట్టి స్టాండ్ గట్టిగా పట్టుకుంటుంది. కొనాల్సిన పనిలేదు, లేత్ షాపులో అడిగితే ఒక పూటకు ఇస్తారు. గేజ్ మొన రాకర్‌కు పుష్ రాడ్ వైపున్న సెట్టింగ్ స్క్రూ తల మీద, రాడ్ లేచే దిశలోనే నిటారుగా ఆనించండి. వాలుగా పెడితే అంకె తప్పుతుంది. ఆ వాల్వుకు గ్యాప్ ఉంది కాబట్టి రాడ్ పైకి లేచేటప్పుడు ముందు గ్యాప్ పూడుతుంది, తర్వాతే వాల్వ్ కదులుతుంది. రాకర్‌ను వేలితో పుష్ రాడ్ వైపు అదిమిపెట్టి, వాల్వ్ మూసి ఉన్నప్పుడు గేజ్‌ను సున్నా చేయండి. ఇంజన్ నెమ్మదిగా తిప్పుతూ ముల్లు ఎక్కడి దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుందో చూడండి. రెండు చుట్లు తిప్పి రెండోసారీ అదే అంకె వస్తేనే రాసుకోండి. ఎనిమిదింటికీ ఇలాగే.

ఈ పని చేయడానికి రాకర్ షాఫ్ట్ దించాలని కొందరు చెబుతారు. దించకండి. షాఫ్ట్ స్టాండ్లను పట్టుకున్న నట్లలో కొన్ని హెడ్‌ను కూడా పట్టుకుంటాయి. అవి మాత్రం విప్పితే హెడ్ మీద బిగింపు ఒక పక్క వదులై, ప్యాకింగ్ పోయి, నీళ్ళు లీకయ్యే కొత్త తలనొప్పి మొదలవుతుంది. దించక తప్పని రోజు వస్తే ముందు రేడియేటర్ నీళ్ళు దించి, హెడ్ నట్లన్నీ వరుస ప్రకారం కొద్దికొద్దిగా వదులు చేయాలి. కొలత కోసం అంత పని అనవసరం.

ఎనిమిది అంకెలు వచ్చాక ఇన్‌లెట్లను ఇన్‌లెట్లతో, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతో పోల్చండి. పుస్తకంలోని అంకె దొరికితే సరే, దొరక్కపోయినా నష్టం లేదు. ఒకే షాఫ్ట్ మీద ఎనిమిదీ ఒకేలా పాడవడం అరుదు, బాగున్నవే మీ కొలబద్ద. నాలుగు థౌ అయిదు థౌ తేడాను నేను పట్టించుకోను. పది దాటితే ఆ ముక్కు పని అయిపోతోందని లెక్క. కిందటి వేసవిలో తెనాలి నుంచి వచ్చిన బండికి ఏడు వాల్వులు అయిదు థౌ తేడాలో ఉన్నాయి, 5వ నంబరు ఎగ్జాస్ట్ ఒక్కటే 60 థౌ తక్కువ లేచింది. ఆ యజమాని అప్పటికి రెండు కార్బ్యురేటర్లు మార్చి ఉన్నాడు. రెండోది డిక్కీలో పాత టైరు పక్కన, కాగితంలో చుట్టి ఉంది. మొదటిది ఎక్కడుందో ఆయనకే తెలియదు.

డయల్ గేజ్ దొరక్కపోతే వెర్నియర్ వెనక ఉండే సన్నని కడ్డీతో వాల్వ్ స్ప్రింగ్ టోపీ మూసినప్పుడు, తెరిచినప్పుడు ఎంత లోతుకు పోతోందో కొలవవచ్చు. అంత సూక్ష్మంగా రాదు కానీ బాగా అరిగిన దాన్ని పట్టిస్తుంది.

ఆయిల్ కూడా సాక్ష్యం చెబుతుంది. ఆయిల్ మార్చే రోజున పాత ఆయిల్‌ను వెడల్పాటి పళ్ళెంలోకి దించి, ఎండలో పెట్టి చూడండి. వెండి పొడిలా మెరుస్తుంటే అందులో అయస్కాంతం తిప్పండి. అతుక్కునే పొడి క్యామ్, టాపెట్ వంటి ఇనుముది. అతుక్కోని తెల్లటి రేకులు, రాగి రంగు తునకలు బేరింగులవి. ఇనుప పొడి ఎక్కువగా ఉంటే బండి ఇక తిప్పకండి, ఎందుకంటే ఆ పొడే వెళ్ళి మంచి బేరింగులను తింటుంది.

అంకెలు క్యామ్‌నే దోషిగా తేల్చాయనుకుందాం. అప్పుడు కార్బ్యురేటర్, మానిఫోల్డ్ దించితే బ్లాకు పక్కన రెండు చిన్న మూతలు కనిపిస్తాయి. రాకర్ షాఫ్ట్, పుష్ రాడ్లు తీశాక ఆ మూతల గుండా టాపెట్లు చేతికి వస్తాయి. హెడ్ విప్పనక్కరలేదు. టాపెట్ తీసిన రంధ్రంలోంచి టార్చి వేసి ఇంజన్ తిప్పుతూ చూస్తే క్యామ్ ముక్కే కంటికి కనిపిస్తుంది. బాగున్న ముక్కు నున్నగా, మసక మెరుపుతో కొన దేరి ఉంటుంది. పోయినది మొద్దుబారి, గీతలు పడి, ఒక పక్కకు వాలినట్టుంటుంది.

టాపెట్‌ను చేతిలోకి తీసుకుని పెట్రోలుతో కడిగి, అడుగు చూడండి. ఈ ఒక్క వస్తువు చూసి ఇంజన్ చరిత్ర చెప్పవచ్చు. మంచి టాపెట్ అడుగు కంటికి చదునుగా అనిపిస్తుంది కానీ నిజానికి చాలా సన్నని ఉబ్బు ఉంటుంది. స్టీలు స్కేలు అంచును అడుగు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అంచుల దగ్గర సన్నని వెలుతురు గీత, మధ్యలో చీకటి ఉంటే అది ఆరోగ్యం. మధ్యలో వెలుతురు కనిపించిందంటే అడుగు పళ్ళెంలా గుంట పడింది. ఇంకో పద్ధతి, రెండు టాపెట్లను అడుగూ అడుగూ కలిపి పట్టుకోవడం. ఉబ్బు ఉంటే రెండూ కొంచెం ఊగుతాయి, అరిగి ఉంటే దిమ్మెల్లా కూర్చుంటాయి. అడుగు మీద గుర్తులు చుట్టూ వలయాల్లా ఉంటే తిరిగినట్టు, అడ్డంగా ఒకే గాడి పడి ఉంటే చాలా కాలంగా తిరగనట్టు. చిన్న చిన్న గుంటలు సూదితో పొడిచినట్టుంటే లోహం అలసి పెచ్చులూడుతోందని. అవి ఒక్క టాపెట్ మీద ఉన్నా ఆ సెట్టు నేను వాడను. తీసిన టాపెట్లను ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే వెళ్ళేలా నంబర్లు వేసి పెట్టండి. కోడిగుడ్ల అట్ట దీనికి చాలా పనికొస్తుంది.

క్యామ్ మాత్రం ఇలా పక్క నుంచి రాదు. ముందు వైపు నుంచి లాగాలి. ఆయిల్ పంపూ డిస్ట్రిబ్యూటరూ దాని పళ్ళతోనే తిరుగుతాయి కాబట్టి డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ తీయాలి, కింద ఆయిల్ ఛాంబర్ దించాలి, టైమింగ్ చెయిన్ విప్పాలి. ఇంతా చేసేకంటే ఇంజన్ దించడమే నయమని నేను దించేస్తాను. దించాక చెయిన్, క్యామ్ బుష్షులు, ఆయిల్ పంపు చూసి తీరాలి. బోరు గురించి అప్పుడు రింగ్ గ్యాప్ కొలిచి మాట్లాడుకోవచ్చు.

కొత్త క్యామ్ పెడితే టాపెట్లు ఎనిమిదీ కొత్తవే పెట్టాలి. ఇందులో బేరం లేదు. నేను పనిలోకి వచ్చిన నాలుగో ఏడో అయిదో ఏడో, ఒక టాక్సీకి కొత్త క్యామ్ వేసి, పాత టాపెట్లు చూడటానికి బాగానే ఉన్నాయని అవే పెట్టాను. యజమానికి డబ్బు మిగిల్చానని సంతోషపడ్డాను కూడా. వెయ్యి కిలోమీటర్లు తిరగకుండానే బండి మళ్ళీ టకటకలాడుతూ వచ్చింది. రెండు ముక్కులు పోయాయి. కొత్త క్యామ్ డబ్బు నేను పెట్టుకున్నాను. పాత టాపెట్ పాత ముక్కుకు అలవాటు పడ్డ ఆకారంలో ఉంటుంది, కొత్త ముక్కును ఉలిలా చెక్కేస్తుంది.

కొత్త క్యామ్ దొరకనప్పుడు పాతదాన్నే గ్రైండింగ్ చేయించడం ఆటోనగర్‌లో మామూలే. ఎవరు చేస్తారన్నదాన్ని బట్టే దాని ఫలితం. ముక్కు ఆకారం తిరిగి రావాలంటే వీపు కూడా తగ్గించి చెక్కాలి. వీపు తగ్గినంత మేర టాపెట్ కిందికి దిగుతుంది, సెట్టింగ్ స్క్రూ ఆ మేరకు ఎక్కువ దిగాలి. కొద్దిపాటి గ్రైండింగ్‌కు అది సరిపోతుంది. ఎక్కువ చెక్కితే గట్టి పొరే మిగలదు. చేయించే ముందు అరుగుదల ఎంతో చూపించి, తర్వాత గట్టిదనం ఎలా తెస్తారో అడగండి. జవాబు తడుముకుంటే అక్కడ ఇవ్వకండి. టాపెట్ అడుగులను ఎమెరీ కాగితం మీద రుద్ది చదును చేసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, ఆ పని అస్సలు వద్దు. ఉన్న కాస్త ఉబ్బూ పోతుంది, టాపెట్ తిరగడం మానేస్తుంది.

బిగించేటప్పుడు ముక్కులకూ టాపెట్ అడుగులకూ మాలిబ్డినం పేస్టు పట్టించండి. ఆయిల్ పంపును ఆయిల్‌తో నింపి, ఫిల్టర్‌ను తడిపి పెట్టండి. కార్బ్యురేటర్ ఫ్లోట్ గిన్నె నింపి, టైమింగ్ సరిగ్గా పెట్టి, మొదటి ప్రయత్నంలోనే స్టార్ట్ అయ్యేలా చూసుకోండి. అరగంట స్టార్టర్ కొడుతూ కూర్చుంటే పేస్టంతా తుడుచుకుపోతుంది. స్టార్ట్ అయ్యాక ఐడ్లింగ్‌లో వదలవద్దు. క్యామ్ మీద పడేది చాలావరకు చిమ్మిన ఆయిలే, ఐడ్లింగ్‌లో అది తక్కువ. 2000 నుంచి 2500 చుట్ల మధ్య పెంచుతూ తగ్గిస్తూ 20 నిమిషాలు నడపండి. రేడియేటర్ మీద ఒక కన్ను ఉంచండి, మన ఎండల్లో ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలి. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. అయిదు వందల కిలోమీటర్లకు గ్యాప్‌తో పాటు లిఫ్ట్ (పుష్ రాడ్ లేచే ఎత్తు) కూడా మళ్ళీ కొలవండి.

ఏ ఆయిల్ అని తప్పక అడుగుతారు. టాపెట్ కింద లోహాన్ని కాపాడేది ఆయిల్‌లోని జింకు, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే పదార్థం. కొత్త బండ్ల సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఫాస్ఫరస్‌తో పాడవుతుంది కాబట్టి, ఆయిల్ నాణ్యతకు 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30 వంటి పలుచని పెట్రోలు ఆయిళ్ళలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశారు. ఖరీదైన పలుచని సింథటిక్ ఆయిల్ పోస్తే పాత బండికి మేలు జరుగుతుందనుకోవడం అందుకే పొరపాటు. 20డబ్ల్యూ-50 గ్రేడుకు ఆ పరిమితి వర్తించదు, మన వేడికీ ఈ ఇంజన్ సందులకూ అదే సరి. చప్పుడు తగ్గిస్తుందని అమ్మే జిగురు డబ్బాలు పోయకండి. తగ్గేది చప్పుడే, అరుగుదల కాదు.

మీ బండి ఎందుకు ఈ స్థితికి వచ్చిందో చూడకుండా చెప్పలేను కానీ ఒక ప్రశ్న అడుగుతాను. తాతగారు పోయాక బండి ఎన్నాళ్ళు షెడ్డులో నిలబడింది? నెలల తరబడి కదలకపోతే ముక్కుల మీద ఆయిల్ పూర్తిగా జారిపోతుంది. తెరిచి ఉన్న వాల్వుల కింద స్ప్రింగు ఒత్తిడి ఉన్న చోటే తుప్పు పట్టుకుంటుంది. తర్వాత ఒకరోజు బ్యాటరీ పెట్టి ఒక్కసారిగా స్టార్ట్ చేస్తే ఆ తుప్పు ఆకురాయిలా పనిచేస్తుంది. ఒకటి రెండు ముక్కులే పోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

ఇదే టకటకతో మారుతి 800 ఉన్నవాళ్ళు ఇదంతా చదివి భయపడకండి. మీ క్యామ్ హెడ్ మీదే ఉంది, కవర్ తీస్తే ముక్కులు కంటికి కనిపిస్తాయి. హైడ్రాలిక్ టాపెట్లున్న బండ్లలో ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు క్షణాలు టిక్కుమని ఆగిపోవడం మామూలే. అయితే వాటిలో ముక్కు అరిగినా టాపెట్ తనంతట తానే గ్యాప్ పూడ్చుకుంటుంది కాబట్టి చప్పుడే రాకపోవచ్చు, లాగడం తగ్గడమే గుర్తు.

ఆదివారం ఉదయం రాకర్ కవర్ తీసే ముందు కొత్త కార్కు ప్యాకింగ్ ఒకటి తెచ్చి పెట్టుకోండి, పాతది ముక్కలవుతుంది. ఎనిమిది గ్యాప్‌లు, ఎనిమిది లిఫ్ట్‌లు, తిరగని పుష్ రాడ్ నంబరు రాసి ఇక్కడే పెట్టండి. వాటిలో 1, 4, 5, 8 నంబర్లను ముందుగా చూస్తాను.